తోక లేని తేలు

ఆ రోజుల్లో పచ్చబొట్టు అంటే ఫ్యాషన్ కాదు, ఒంటి మీది సొమ్ముల్లో ఎవరూ గుంజుకోలేని సొమ్ము. వెండి కడియం కరువొస్తే కుదువకు పోతుంది, గొర్ల మంద రోగమొస్తే పోతుంది, భూమి పాలోళ్ల తగాదాలో పోతుంది, పచ్చబొట్టు మాత్రం కాటి దాకా వెంట వస్తుందని మా పాలమూరు ముసలవ్వలు చెప్పేవాళ్లు. ఇప్పుడేమో టాటూల మోజు పల్లెలకూ పాకిందని పేపర్లో రాస్తున్నారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. (నేను బడి మెట్టు ఎక్కలేదు కానీ పేపరు ఆఖరి పేజీ దాకా వదలను. గొర్ల వెనక తిరుగుతూ బస్సు బోర్డుల మీద, గోడల మీది ఎరువుల ప్రకటనల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. అందుకే యూరియా అని రాయడం వచ్చిన చాలా రోజులకు గానీ నా పేరు రాయడం రాలేదు.) పాకడమేమిటి? మా అవ్వ గదుమ మీది చుక్క, మా అమ్మ ముంజేతి మీది తులసికోట ఏ దేశం నుంచి పాకినవి? పల్లె నుంచి పట్నం పోయి, అద్దాల దుకాణంలో కూర్చొని, పేరు మార్చుకొని తిరిగొచ్చిన మన మనిషిని చూసి కొత్త చుట్టమనుకుంటున్నారు.

ఈ విషయంలో కోప్పడే హక్కు నాకు అందరికంటే కొంచెం ఎక్కువే ఉంది. ఎందుకంటే ఈ పచ్చబొట్టు పుణ్యాన నేను యాభై ఏండ్లు నిండు చేతుల అంగీ వేసుకొని తిరిగాను. మా దిక్కు ఎండ తెలిసిన వాళ్లకు ఈ ఒక్క మాట చాలు. గొర్లు సైతం ఒకదాని కడుపు కింద ఒకటి తల దాచుకొని కదలకుండా నిలబడే ఎండలో, నేను మణికట్టు దాకా గుండీలు పెట్టుకొని నడిచేవాణ్ని. తెలియనివాళ్లు పెద్దమనిషి తరహా అనుకునేవాళ్లు. తెలిసినవాళ్లు తల పక్కకు తిప్పుకొని నవ్వేవాళ్లు. ఆ అంగీ చేతి కింద ఉన్నది ఒక తేలు. అంటే, తేలు కావలసిన ఒక జీవి.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. మా మేనమామకు ఒక బిడ్డ ఉండేది. ఆమెకు నేను మేనత్త కొడుకును. ఆమె మేనమామ కొడుకు ఇంకొకడున్నాడు, నాకు వరసకు అన్న. వరస ఇద్దరికీ కుదురుతుంది, ఇద్దరికీ గొర్లున్నాయి, ఇద్దరికీ మీసాలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. తేడా ఒక్కటే: అన్న కుడి ముంజేతి మీద నల్లని తేలు ఉంది. కత్తెర్ల లాంటి ముందుకాళ్లు చాచి, కొండి పైకెత్తి, ముట్టుకుంటే కుడుతుందన్నట్టు ఉండేది. దాన్ని పొడిచింది సూదవ్వ. పంటలు ఇండ్లకు చేరాక మా ఊరికి వచ్చే ముసలామె, సూదులను దారంతో కట్టగా కట్టి, దీపపు మసిని ఆకు పసరులో కలిపి, ఎంత తొందరపెట్టినా తన పద్ధతిలోనే పొడిచేది. పొడుస్తున్నంత సేపూ అన్న అబ్బా అనలేదని ఊరంతా చెప్పుకున్నారు. (నోట్లో రుమాలు కుక్కుకున్నాడు. నేను కండ్లారా చూశాను. చెబితే కుళ్లుబోతు అంటారని ఇన్నేండ్లు చెప్పలేదు.) ఆనాటి నుంచి అతని పేరే తేలన్న అయిపోయింది.

ఒకనాడు మామ బిడ్డ బాయి కాడ నీళ్లు చేదుతూ నా చెయ్యి చూసి, "నీ చెయ్యేంది, కడిగిన కంచం తీర్గ బోసిగున్నది" అన్నది. అంతే, నాకు అన్నం దిగలేదు. సూదవ్వ మళ్లీ రావాలంటే జొన్న కోతలు కావాలి, మామ ఇంట్లో లగ్గం మాటలేమో అంతకు ముందే ఉన్నాయి. అందుకని జాతరకు పోయాను. అక్కడ పచ్చబొట్లు పొడిచే మిషనోడు ఉన్నాడు. బ్యాటరీ డబ్బా, దానికి తీగ, తీగ కొసకు తుమ్మెద లాగా మోగే సూది. వెనక ఒక పెద్ద రేకు మీద పులి, పడగ విప్పిన పాము, రథం, తేలు రంగురంగుల్లో వేసి ఉన్నాయి. ఆ రేకును చూసి నేను మైమరిచిపోయాను. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. మేము పొట్టేలు కొనాలంటే పండ్లు చూస్తాం, నడుము తడిమి చూస్తాం, పోయిన ఏటి దాని పిల్లలెట్లా ఉన్నాయో నాలుగిండ్లలో విచారిస్తాం. పొట్టేలుకు అంత చేసే మనిషి, బతుకంతా ఉండే తన చేతికి మాత్రం రేకు చూసి కూర్చున్నాడు. రేకు మీద బొమ్మలు వేసినవాడు వేరు, నా చేతిని పొడిచేవాడు వేరు అన్న సంగతి నాకు తట్టనే లేదు. వాడు నాకంటే ముందు కూర్చున్నవాని చెయ్యి తుడిచిన గుడ్డతోనే నా చెయ్యి తుడిచి, "ఊపిరి బిగవట్టు తమ్మీ, కండ్లు మూస్కో. తెరిచేటాల్లకు తేలుంటది" అన్నాడు. తెరిచేసరికి, అబద్ధం ఎందుకు, తేలు వంటిది ఉన్నది. తోక కొంచెం సన్నం, అంతే. జాగ్రత్తలేమిటని అడిగితే తడపకు అని ఒక్క మాట చెప్పి, తరువాతి చెయ్యి అందుకున్నాడు.

ఇల్లు చేరేసరికి చెయ్యి వాచింది. మా బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, గొర్రె గిట్టను చూసినట్టు చూశాడు. మా ఇంట్లో పుండుకు ఒకటే మందు. సీతాఫలం ఆకు మెత్తగా నూరి కట్టడం. పురుగు పట్టిన గొర్రె పుండు కూడా దానితో మానుతుంది. మా లెక్కలో మనిషి తోలుకూ గొర్రె తోలుకూ బొచ్చు తప్ప వేరే తేడా లేదు. పసుపు రాసి, ఆముదం అద్ది, గోకకుండా వదిలెయ్యమని సూదవ్వ ఊరందరికీ చెప్పే మాట మాకు తెలియక కాదు. అది ఆడవాళ్ల చుక్కలకు సరిపోతుంది, తేలుకు అంత నాజూకు వైద్యమా అనుకున్నాం. ఆకు దట్టంగా కట్టుకున్నాను. కట్టిన కాసేపటికి నేను దొడ్డి చుట్టూ ఉరకడం మొదలుపెట్టాను. బాపు చుట్ట తాగుతూ, "మండుతాందంటే మందు పని చేస్తాంది" అన్నాడు.

అది బాగానే పని చేసింది. చెక్కు కట్టింది, వేప బెరడంత మందాన. దాని కింద దురద. నేను మంద వెనక పోతూ గొర్ల కట్టెతో గోకేవాణ్ని. ముందుకాళ్లు అట్లా చెదిరిపోయినవి. తోక పోయిన తీరు మాత్రం వేరు. ఒక మధ్యాహ్నం పొద చాటున కునుకు తీస్తుంటే చేతికి మెత్తగా, చల్లగా, ప్రాణం లేచొచ్చినంత హాయిగా ఉన్నది. కల అనుకొని చాలాసేపు అట్లానే పడుకున్నాను. లేచి చూస్తే ఒక గొర్రెపిల్ల నా చేతి ఉప్పు నాకుతోంది. చెక్కు సగం దాని నోట్లో ఉంది. కొండితో సహా నా తేలు తోక గొర్రెపిల్ల కడుపులోకి పోయింది. పుండు మానేసరికి చేతి మీద మిగిలింది ఒక గుండ్రటి ఒళ్లు, రెండు పక్కలా వంకర కాళ్లు.

అయినా ఆశ చావదు కదా. మామ ఇంటికి మాటలకు పోయినప్పుడు అంగీ చెయ్యి పైకి మడిచే పోయాను. తేలన్న కూడా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మామ బిడ్డ చెంబుతో నీళ్లు తెచ్చి, నా చెయ్యి చూసి, ఆగి, దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా, "గిది ఎండ్రికాయనా?" అని అడిగింది. తరువాత ఆమెకు వచ్చిన నవ్వుకు చెంబులో నీళ్లన్నీ వాళ్ల నాయిన ఒళ్లో పడినవి. పొద్దు గూకేసరికి ఊళ్లో నా పేరు ఎండ్రికాయ. విచిత్రమేమంటే ఆమె నన్నే చేసుకున్నది. ఎందుకని పెండ్లయిన కొత్తలో అడిగితే, "తేలును జూస్తే దూరం జరగబుద్దయింది. ఎండ్రికాయను జూస్తే నవ్వొచ్చింది. నవ్వొచ్చినోని కాడనే ఉంటనన్న" అన్నది. అది పొగడ్తో తిట్టో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎందుకైనా మంచిదని నిండు చేతుల అంగీలు కుట్టించుకున్నాను.

అటు తరువాత తెలంగాణ వచ్చింది, మా మాటకు పుస్తకాల్లో ఇంత జాగా దొరికింది, నా అంగీ చేతులు మాత్రం పైకి పోలేదు. దానికి తేలన్న కూడా కారణమే. అతను మోత్కూరు దిక్కు అల్లుడై అక్కడే స్థిరపడ్డాడు. చుట్టాల్లో ఏ పెండ్లయినా సరే, బంతిలో వెతుక్కుంటూ వచ్చి నా పక్కనే కూర్చునేవాడు. కూర్చొని, తన అంగీ చెయ్యి మెల్లగా పైకి మడిచి, తేలు అందరికీ కనబడేలా విస్తరి పక్కన పెట్టి, "తమ్మీ, ఉక్కపోస్తలేదా?" అని అడిగేవాడు. ప్రతి పెండ్లిలో ఇదే మాట. దానికి నేను గొర్ల వెనక తిరుగుతూ ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ సమయానికి నోటికి రాలేదు.

మొన్నీమధ్య మా మనుమరాలికి లగ్గం కుదిరింది. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పని చేస్తుంది, బాగా చదువుకున్న పిల్ల. వచ్చి, అవ్వ మణికట్టు మీద సూదవ్వ పొడిచిన మూడు చుక్కలున్నాయి కదా, అచ్చం అట్లాంటివే లగ్గానికి ముందు తన మణికట్టు మీద కావాలని అడిగింది. మా ఆమె కండ్లు మెరిసినవి. నాకు మాత్రం ఇంకొకటి మెరిసింది. మోకాళ్ల నొప్పులతో చాలా ఏండ్లుగా ఎక్కడికీ రాని తేలన్న ఈ లగ్గానికి తప్పకుండా వస్తానని కబురు పెట్టాడు. అతను నా పక్కన కూర్చునే లోపల నా తేలుకు తోక రావాలి. బతుకులో ఒక్క పెండ్లిలోనైనా నేను పొట్టి చేతుల అంగీతో అన్నం తినాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా, పచ్చబొట్టు పొడిచే మంచి మనిషిని వెతికిపెడతానని పిల్లను వెంటబెట్టుకొని మహబూబ్‌నగర్‌కు బయలుదేరాను.

మొదటి దుకాణం అద్దాలది. గోడ నిండా ఫోటోలు. నాకు జాతర రేకు గుర్తొచ్చింది. ఫోటోలు వద్దు, నువ్వు పొడిచి నాలుగైదేండ్లయిన చెయ్యి ఒకటి చూపించమన్నాను. వాడు నన్ను గొర్రె బేరానికి వచ్చినవాణ్ని చూసినట్టు చూశాడు. నేను వచ్చింది ఆ పద్ధతిలోనే. అప్పుడే పొడిచిన పచ్చబొట్టు అప్పుడే కడిగిన గొర్రె లాంటిది, ఏదైనా బాగానే కనబడుతుంది. ఎండలు, వానలు గడిచాక గీత గీతలాగే ఉన్నదా, చెమ్మ తగిలిన కాగితం మీది సిరాలాగా పక్కకు పాకిందా, అది చూడాలి. అదీగాక సూది ముందుగానే మిషనుకు తగిలించి ఉన్నది. మంద మొత్తానికి సూదులు వేసే రోజు పశువుల డాక్టరును కూడా కొత్త సూది చూపించమని అడిగే మనిషిని నేను. పిల్లను లెమ్మన్నాను. మనుమరాలు మెట్లు దిగుతూ, "తాతా, ఇజ్జత్ తీస్తున్నవ్" అని సణిగింది. "ఇజ్జత్ పోతే మల్ల సంపాయించుకోవచ్చు బిడ్డా, గీత జెడితే గాదు" అన్నాను. ఈ మాట అనడానికి నాకంటే అర్హుడు జిల్లాలో లేడు.

రెండోది ఒక సందులో, మొబైల్ రిపేరు దుకాణం మీది గది. పొడిచే ఆమెకు ముప్పై ఏండ్లుంటాయి. పాత చెయ్యి అడగ్గానే కిటికీలోంచి కేక వేసి, కింది మొబైల్ దుకాణం అతణ్ని పైకి పిలిచింది. అతని భుజం కింద, దండచేతి మీద ఆమె పొడిచిన నెమలి ఉన్నది. ఎన్నో ఎండాకాలాలు చూసిన నెమలి, ఈకకు ఈక విడిగా కనబడుతోంది. నేను వేలితో రాసి చూశాను, పక్కన దోమ కుట్టిన చోటు కూడా చూశాను. (అతను పాపం ఓర్చుకున్నాడు.) ఆమె చేతులు కడుక్కొని, తొడుగులు వేసుకొని, సూది పొట్లం మా కండ్ల ముందే చింపి, రంగును కొత్త మూతలో పోసింది. పిల్లను ఏమేమి మందులు వాడుతున్నావని, ఏదైనా తగిలితే ఒంటికి దద్దుర్లు వస్తాయా అని అడిగింది. మనుమరాలు ఉత్సాహంలో చుక్కల పక్కన కాబోయే అతని పేరు కూడా పొడవమన్నది. ఆమె తల ఎత్తకుండానే, "పెండ్లయినంక ఏడాదికి రా అక్కా. అప్పటికి గూడ గదే పేరు గావాలంటే పొడుస్త" అన్నది. వచ్చిన బేరాన్ని వద్దనే మనిషిని చూసి నాకు సూదవ్వ కనబడింది. నా చెయ్యి ఈమెకే అనుకున్నాను.

చుక్కలు అయ్యాక నేను గొంతు సవరించుకొని గుండీలు విప్పాను. ఆమె చాలాసేపు చూసి, "ఎండ్రికాయ మంచిగున్నది తాతా" అన్నది. నేను సంగతి చెప్పాను, గొర్రెపిల్లతో సహా. ఆమె నవ్వలేదు. మొబైల్ దుకాణం అతను నవ్వాపుకోలేక కిందికి పోయాడు. ఆమెకు వింతగా తోచింది వేరే: ఇంత పాత పచ్చబొట్టు ఇంత నల్లగా ఎట్లా ఉన్నదని. ఎండ మొహం చూపించలేదని చెప్పాను. పచ్చబొట్టుకు ఎండకు మించిన పగ లేదని, దాచుకున్నందుకే అది మిగిలిందని ఆమె అన్నది. సిగ్గుతో చేసిన పని ఒకటి ఇన్నేండ్లకు వైద్యమని తేలింది. కానీ వెంటనే పొడవనన్నది. ముసలి తోలు పలుచన, షుగర్, బీపీ చూపించుకొని డాక్టరు సరే అంటేనే రమ్మన్నది. దవాఖానకు పోయాను. ఏం నొప్పి అని డాక్టరమ్మ అడిగింది. తోక పెట్టించుకోవాలని చెప్పాను. ఆమె ముందు బీపీ చూసింది.

మళ్లీ పోయినప్పుడు తోక వచ్చింది, కొండి వచ్చింది, ముందుకాళ్లకు కత్తెర్లు వచ్చినవి. వంకర కాళ్లన్నీ తేలు కాళ్లలో కలిసిపోయినవి. మోచేతి దిక్కు ఒక్కటి మిగిలితే, అక్కడ నరం పైకి తేలి ఉంది, తోలు కాగితంలాగా ఉంది, దాన్ని ముట్టుకోనన్నది. నేను బతిమిలాడినా వినలేదు. ఇక జాగ్రత్తలు: ఉత్త సబ్బుతో మెల్లగా కడిగి, రుద్దకుండా అద్దాలి, మందు పలుచగా రాయాలి, చెక్కు దానంతట అదే రాలేదాకా గోకొద్దు, ఎండ వద్దు, బాయిలో ఈత వద్దు, ఇంటి మందులు అసలే వద్దు. "సీతాఫలం ఆకు గూడ వద్దా?" అని అడిగాను. అది ఎవరు పెడతారు తాతా అన్నది. నేను బస్సుకు టైమైందన్నాను.

ఆ తరువాతి రోజుల్లో మా ఇల్లు దవాఖాన కంటే శుభ్రంగా నడిచింది. మనుమరాలు సెలవు పెట్టి మా దగ్గరే ఉన్నది కాబట్టి ఆమె చుక్కలకూ నేనే కాపలా. చెయ్యి గోకబోతే ఆమె వేలు చటుక్కున పట్టుకునేవాణ్ని. మధ్యాహ్నం కునుకు తీసేముందు లోపల గొళ్లెం పెట్టేవాణ్ని. మా మందలో ఆనాటి గొర్రెపిల్ల సంతానం ఇంకా ఉన్నది. నమ్మడానికి లేదు.

లగ్గం రోజు పొట్టి చేతుల అంగీ తొడుక్కొని బంతిలో కూర్చున్నాను. చేతులకు గాలి తగులుతుంటే బట్టలు లేనట్టే ఉన్నది. తేలన్న కట్టె పట్టుకొని వచ్చి, నన్ను వెతుక్కొని, నా పక్కనే కూర్చున్నాడు. చూస్తే అతనిది నిండు చేతుల అంగీ. ఎన్నో ఏండ్లుగా దాచుకున్న జవాబులన్నీ ఒక్కసారిగా గొంతులోకి తోసుకొచ్చినవి గానీ, బయటికి వచ్చింది ఒక్కటే.

"అన్నా, ఉక్కపోస్తలేదా?"

అతను నా చెయ్యి చూశాడు. ఆ తరువాత మెల్లగా తన గుండీ విప్పి చెయ్యి మడిచాడు. ఇన్నేండ్లు ఎండలో ఊరేగిన ఆ తేలు అక్కడ లేదు. ముడతల మధ్య పాచి పట్టినట్టు ఒక పచ్చటి మరక ఉన్నది, ఎక్కడ మొదలో ఎక్కడ కొండో తెలియదు. "మనుమలు గిదేంది తాతా, దెబ్బ తాకిందా అంటున్నరు" అన్నాడు. చెయ్యి కిందికి దింపుకుంటూ, "ఏడ పొడిపిచ్చినవ్ తమ్మీ? జర నన్ను గూడ తోల్కపో" అన్నాడు. నా గెలుపు పాయసంలో ఉప్పు పడ్డట్టయింది. ముందు బీపీ చూపించుకో అన్నా, అని మొదలుపెట్టి, బంతి లేచేదాకా సబ్బు సంగతి, ఎండ సంగతి అన్నీ చెప్పాను. అంత శ్రద్ధగా నా మాట అతను ఎన్నడూ వినలేదు.

ఇక మా ఆమె. ఆ రోజు ఒకసారి చూసి, మంచిగనే ఉన్నదని పనిలోకి పోయింది. తరువాత చాలా రోజులు ఆ చేతి మాట ఎత్తలేదు. ఊరు మాత్రం నన్ను ఇప్పటికీ ఎండ్రికాయ తాత అనే పిలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇంత చక్కని తేలును చూసి ఆ పేరెందుకని అడుగుతారు. మునుపు నా చెయ్యే జవాబు చెప్పేది. ఇప్పుడు నేను మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తోంది. ఇప్పుడు మీకు చెప్పినట్టే.

మొన్న ఒక పగలు మంచంలో కూర్చొని ఉంటే ఆమె వచ్చి పక్కన కూర్చున్నది. అద్దాలు పెట్టుకొని, నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకొని, చాటలో రాళ్లు ఏరేటప్పటి చూపుతో వెతకడం మొదలుపెట్టింది. వేలు కొండి మీదినుంచి తోక మీదికి, తోక మీదినుంచి ఒంటి మీదికి, అక్కడినుంచి కాళ్ల మీదికి దిగింది. మోచేతి దగ్గర, నరం మీద, ఎవరూ ముట్టుకోని ఆ ఒక్క వంకర కాలు దగ్గర ఆగింది.

"ఇగో, ఉన్నవు" అన్నది. చెంబులో నీళ్లన్నీ పారబోసిన ఆనాటి నవ్వే నవ్వింది.

ఆ మరునాడే పెట్టె తెరిచి నిండు చేతుల అంగీలు మళ్లీ బయటికి తీశాను. పిచ్చి ముసలోడా, ఇంత కష్టపడి తోక పెట్టించుకొని దాచుకోవడమెందుకని నన్ను నేనే అడుగుతున్నాను. తోకను దాచడానికి కాదు. ఆ ఒక్క కాలుకు ఎండ తగలొద్దు.